ఎడిసన్, ఒక బ్యాటరీ, పదేళ్ళు

ఎడిసన్ అనగానే మనలో చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి బల్బు. రెండోది టెస్లాని మోసం చేశాడని తిరిగే మీమ్స్. చిన్నప్పుడు జీకే పుస్తకంలో హీరో, ఇంటర్‌కి వచ్చేసరికి ఫోన్‌లో విలన్. మన క్లబ్ గ్రూపులో కూడా ఈ గొడవ సెమిస్టర్‌కి ఒక్కసారైనా అవుతుంది. ఆ గొడవలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఎడిసన్ యాభై ఏళ్ళు దాటాక, బల్బు వల్ల వచ్చిన పేరూ డబ్బూ అన్నీ ఉన్నాక, పదేళ్ళు ఒకే ఒక్క బ్యాటరీ మీద కూర్చున్నాడు. ఆయన పేరు మీద అమెరికాలో ఉన్న పేటెంట్లు 1093. అందులో 141 బ్యాటరీలవే.

నేను సీఎస్ఈ. నాకు బ్యాటరీలతో పనేంటి అంటారా? ఈ సెమిస్టర్ మా మినీ ప్రాజెక్ట్, స్కూటర్ బ్యాటరీలో ఎంత ఛార్జ్ మిగిలిందో లెక్కగట్టే ప్రోగ్రామ్. దానికోసం లిథియం బ్యాటరీల్లో రకాలు చదవడం మొదలుపెట్టాను. ఎల్‌ఎఫ్‌పీ, ఎన్‌ఎంసీ, ఎల్‌టీవో అని పేర్లు, వాటి కింద టేబుళ్ళు. ఏ టేబుల్ చూసినా ఒకే కథ. ఒక కాలమ్‌లో గెలిచింది పక్క కాలమ్‌లో ఓడిపోతోంది. ఇలా పోల్చి చూసుకోవడం ఎప్పట్నుంచి ఉందా అని వెనక్కి వెళ్తూ వెళ్తూ ఉంటే ఎడిసన్ దగ్గర ఆగాను. లిథియంతో ఆయనకి నిజంగానే సంబంధం ఉంది. అది మధ్యలో వస్తుంది.

యాసిడ్‌తో పరిచయం

థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రంలోని మిలాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. ఏడేళ్ళప్పుడు కుటుంబం మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌కి మారింది. బడికి వెళ్ళింది కొద్దికాలమే. తల్లి నాన్సీ అంతకుముందు టీచర్‌గా చేసిన మనిషి, ఆవిడే ఇంట్లో కూర్చోబెట్టి చదివించింది. పన్నెండేళ్ళకి రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మడం మొదలుపెట్టాడు. సామాన్ల పెట్టెలో ఒక మూల సీసాలు సర్దుకుని సొంత కెమిస్ట్రీ ల్యాబ్ కూడా పెట్టుకున్నాడు. ఒకరోజు అందులోంచి మంటలు లేచాయి. ల్యాబ్ అక్కడితో సరి. చిన్న వయసులోనే వినికిడి కూడా బాగా దెబ్బతింది.

1862లో పట్టాల మీద ఆడుకుంటున్న స్టేషన్ ఏజెంట్ కొడుకుని రైలు పెట్టె కింద పడకుండా లాగేశాడు. ఆ కృతజ్ఞతతో ఏజెంట్ అతనికి టెలిగ్రాఫ్ నేర్పాడు. ఇక్కణ్ణుంచే బ్యాటరీలు జీవితంలోకి వచ్చాయి. ఆ రోజుల్లో కరెంటు అంటే గోడలో ఉండే ప్లగ్ పాయింట్ కాదు. టెలిగ్రాఫ్ ఆఫీసు వెనక గదిలో వరసగా పెట్టిన గాజు జాడీలు, వాటిలో యాసిడ్, లోహపు పలకలు. అదే కరెంటు. లూయీవిల్‌లో నైట్ డ్యూటీ చేస్తూ ఖాళీ సమయంలో బ్యాటరీతో ప్రయోగం చేస్తుంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ ఒలికి, చెక్క నేలలోంచి కారి, కింద మేనేజర్ గదిలోకి దిగిందనీ, తెల్లారేసరికి ఉద్యోగం పోయిందనీ చెబుతారు.

ఆ తర్వాత కథ మనకి తెలిసిందే కాబట్టి తొందరగా దాటేస్తాను. 1869లో మొదటి పేటెంట్, ఓట్లు లెక్కపెట్టే యంత్రానికి. దాన్ని ఎవరూ కొనలేదు. 1871లో మేరీ స్టిల్వెల్‌తో పెళ్ళి. మొదటి ఇద్దరు పిల్లలకి ముద్దుపేర్లు డాట్, డాష్. మోర్స్ కోడ్‌లోంచి తీసినవి! 1876లో మెన్లో పార్క్ ల్యాబ్, 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో బల్బు, 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో కరెంటు స్టేషన్. 1884లో మేరీ చనిపోయింది. 1886లో మీనా మిల్లర్‌తో రెండో పెళ్ళి. మరుసటి ఏడాది వెస్ట్ ఆరెంజ్‌లో ఇంకా పెద్ద ల్యాబ్. ఏసీ, డీసీ యుద్ధంలో డీసీ పక్షాన నిలబడి ఓడిపోయాడు. 1892లో కంపెనీలు కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయినప్పుడు దాని పేరులోంచి ఎడిసన్ అన్న మాట పోయింది.

తిట్టిన వస్తువే చేతిలోకి

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకోగల బ్యాటరీ చేశాడు. మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ కింద కూర్చుని, అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ అడిగేది దాని మనవడే. 1880ల్లో దీని చుట్టూ పెద్ద హడావుడి నడిచింది, కంపెనీలు పుట్టాయి, షేర్లు అమ్ముకున్నారు. 1883లో ఎడిసన్‌ని దీని గురించి అడిగితే ఛార్జ్ చేసే బ్యాటరీ అంటేనే జనాన్ని ముంచే వ్యాపారం అన్న అర్థం వచ్చేలా చాలా ఘాటుగా మాట్లాడాడు. పదహారేళ్ళ తర్వాత అదే వస్తువు తనే చేయడానికి కూర్చున్నాడు.

ఎందుకు? ఒక కారణం, 1890లు ఆయనకి అస్సలు కలిసిరాలేదు. న్యూజెర్సీలోని ఆగ్డెన్స్‌బర్గ్ దగ్గర కొండని పగలగొట్టి, అయస్కాంతాలతో ఇనప ఖనిజాన్ని వేరు చేసే పెద్ద ప్లాంటు పెట్టాడు. జనరల్ ఎలక్ట్రిక్‌లో తన షేర్లు అమ్మి మరీ అందులో పోశాడు. ఈలోపు మిన్నెసోటాలో మంచి ఖనిజం చవగ్గా దొరికింది. ప్లాంటు మూతపడింది.

రెండో కారణం కార్లు. 1900 ప్రాంతంలో అమెరికాలో తయారైన కార్లలో మూడో వంతుకి పైగా ఎలక్ట్రిక్ కార్లే. పెట్రోలు కార్లే తక్కువ! పెట్రోలు బండికి ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి, అది ఎదురు తన్నితే చెయ్యి విరుగుతుంది. పొగ, వాసన, చప్పుడు. ఎలక్ట్రిక్ కారుకి ఇవేవీ లేవు. ఉన్న సమస్య ఒక్కటే, బ్యాటరీ. దాన్ని బాగుచేస్తే రోడ్లన్నీ మనవే అనుకున్నాడు ఎడిసన్. ఈ వాక్యం 1900 నాటిది అని చెప్పకపోతే ఇవాళ్టి ఏదో స్టార్టప్ పిచ్ అనుకుంటారు.

సీసం మీద ఆయనకి ఉన్న ఫిర్యాదులు రాసుకుందాం. బరువెక్కువ. యాసిడ్ చుట్టుపక్కల లోహాన్ని తినేస్తుంది, పలకల్నీ తినేస్తుంది. పూర్తిగా డిస్‌ఛార్జ్ చేసి అలాగే వదిలేస్తే గట్టిపడి పాడైపోతుంది. గతుకుల రోడ్డు మీద పలకల మీది మందు రాలిపోతుంది. మరి మంచి గుణాలు? చవక. ఒక్కో సెల్ రెండు వోల్టులు ఇస్తుంది. అడిగిన వెంటనే చాలా ఎక్కువ కరెంటు ఇవ్వగలదు. ఈ ఆఖరి గుణాన్ని గుర్తుపెట్టుకోండి.

నికెల్, ఇనుము

యాసిడ్ వల్లే ఇన్ని తిప్పలు కాబట్టి యాసిడే వద్దు, క్షారం వాడదాం అన్నది ఎడిసన్ నిర్ణయం. నీళ్ళలో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్. అందులో స్టీలు తుప్పు పట్టదు కాబట్టి డబ్బా మొత్తం స్టీలుతోనే చేయొచ్చు. ఇక ఆ క్షారంలో ఏ రెండు పదార్థాలు ఛార్జ్ పట్టి వదులుతాయో వెతకాలి. జోనస్ ఐల్స్‌వర్త్ లాంటి కెమిస్టులతో కలిసి దొరికిన లోహమల్లా, దొరికిన సమ్మేళనమల్లా పెట్టి చూశారు. రాత్రీ పగలూ షిఫ్టుల్లో.

మన హాస్టల్ గోడల మీద, మోటివేషన్ వీడియోల్లో ఎడిసన్ పేరుతో ఒక మాట కనిపిస్తుంది చూడండి, ఫెయిల్ అవ్వడం గురించి. పక్కన ఎప్పుడూ బల్బు బొమ్మే ఉంటుంది. నిజానికి ఆ మాటకి మూలం బల్బు కాదు, ఈ బ్యాటరీ. 1910లో వచ్చిన ఆయన జీవిత చరిత్రలో వాల్టర్ మల్లరీ అనే సహచరుడు చెప్పిన సంగతి అది. తొమ్మిది వేలకి పైగా ప్రయోగాలు చేసినా ఫలితం రాని రోజుల్లో ఆయన జాలిపడితే ఎడిసన్ ఇచ్చిన జవాబు తర్వాత్తర్వాత మారుతూ పోస్టర్లకెక్కింది. బల్బు బొమ్మ ఎవరు తగిలించారో గానీ, బ్యాటరీని మాత్రం మాయం చేశారు.

చివరికి ఒకవైపు నికెల్ హైడ్రాక్సైడ్, ఇంకోవైపు ఇనుము కుదిరాయి. 1901లో ఎడిసన్ స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ పెట్టాడు.

ఇక్కడ ఇంకో మనిషి పేరు చెప్పకపోతే అన్యాయం. స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ అనే ఇంజినీరు 1899లోనే నికెల్, కాడ్మియంతో క్షారపు బ్యాటరీ చేశాడు. ఇనుముతో కూడా చేసి చూశాడు. చవకే గానీ గ్యాస్ ఎక్కువ వస్తోంది, ఛార్జ్ సరిగ్గా పట్టట్లేదు అని కాడ్మియం వైపే మొగ్గాడు. ఇద్దరి మధ్యా పేటెంట్ల పోరాటం నడిచింది. ఎడిసన్ దగ్గర ఉన్నంత డబ్బు యుంగ్నర్ దగ్గర లేదు. ఆయన 1924లో, 55 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన నికెల్-కాడ్మియం మాత్రం తర్వాత విమానాల్లోకీ, కార్డ్‌లెస్ ఫోన్లలోకీ, మన చిన్ననాటి ఛార్జింగ్ సెల్స్‌లోకీ వచ్చింది. టెస్లా గురించి అన్ని మీమ్స్ ఉన్నాయి, యుంగ్నర్ గురించి ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది

1903లో బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది. దానికి ముందు పరీక్షలు మామూలుగా చేయలేదు. సెల్స్‌ని ల్యాబ్ పై అంతస్తు కిటికీల్లోంచి కిందికి విసిరేసి చూశారు. బళ్ళకి బిగించి కావాలనే గతుకుల రోడ్ల మీద తిప్పారు. పేపర్లు పొగిడాయి, ఎడిసన్ కూడా తగ్గకుండా ప్రచారం చేసుకున్నాడు.

అమ్మడం మొదలైన కొన్నాళ్ళకే కంప్లైంట్లు. డబ్బాల అతుకుల దగ్గర లీకులు. అంతకంటే పెద్ద సమస్య, వాడేకొద్దీ కొన్ని సెల్స్ కెపాసిటీ బాగా పడిపోతోంది. 1904 చివర్లో ఫ్యాక్టరీ ఆపేశాడు. పాడైన బ్యాటరీల్ని వెనక్కి తీసుకున్నాడు. ఎడిసన్ మీద నాకు ఎన్ని అనుమానాలున్నా, ఈ పనికి మాత్రం మార్కులు వేస్తాను. అమ్ముడుపోతున్న సరుకుని ఆపి మళ్ళీ మొదటికి వెళ్ళడం మన ప్రాజెక్ట్ సబ్మిషన్లలోనే కష్టం, సొంత డబ్బు కోట్లలో పెట్టినవాడికి ఎంత కష్టమో ఊహించండి. ఇంకో ఐదేళ్ళు పట్టింది.

సమస్య ఎక్కడుందంటే, నికెల్ హైడ్రాక్సైడ్‌లో కరెంటు సరిగ్గా పారదు. అందుకని మొదటి డిజైన్లో దాన్ని గ్రాఫైట్ పొడితో కలిపారు. ఛార్జ్ చేసేకొద్దీ గ్రాఫైట్ దెబ్బతిని, రేణువుల మధ్య కాంటాక్ట్ పోయేది. మందు ఉంటుంది, దాకా కరెంటు చేరదు. దీనికి వాళ్ళు కనిపెట్టిన పరిష్కారం నాకు భలే నచ్చింది. ఒక పలక మీద ఎలక్ట్రోప్లేటింగ్‌తో రాగి పొర, దాని మీద నికెల్ పొర, మళ్ళీ రాగి, మళ్ళీ నికెల్. ఇలా ఎన్నో పొరలు వేశాక ముక్కలుగా కత్తిరించి, రాగిని మాత్రం కరిగించేశారు. మిగిలేది గాలికి ఎగిరిపోయేంత పల్చటి నికెల్ రేకులు. నికెల్ పూత వేసిన, సన్న చిల్లులున్న స్టీలు గొట్టాల్లో ఒక పొర నికెల్ హైడ్రాక్సైడ్, ఒక పొర ఈ రేకులు, మళ్ళీ మందు, మళ్ళీ రేకులు, ఇలా వందల పొరలు కూరారు. వేలెడు పొడవు గొట్టంలో!

రెండో మార్పే లిథియం. పొటాషియం హైడ్రాక్సైడ్ నీళ్ళలో కొంచెం లిథియం హైడ్రాక్సైడ్ కలిపితే కెపాసిటీ పెరిగింది, ఎక్కువ కాలం నిలిచింది. 1908లో దీనికి పేటెంట్ వచ్చింది. అణువుల స్థాయిలో లోపల ఏం జరుగుతోందో చెప్పే సైన్స్ అప్పటికి లేదు. పెట్టి చూశారు, పనిచేసింది, అంతే. ఇది లిథియం అయాన్ బ్యాటరీ కాదు, ఇక్కడ లిథియం పక్కవాద్యం మాత్రమే. అయినా సోనీ లిథియం అయాన్ బ్యాటరీని 1991లో మార్కెట్లోకి తేవడానికి ఎనభై ఏళ్ళకి పైగా ముందు, ఛార్జ్ చేసే బ్యాటరీలో లిథియం ఉందంటే నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

1909లో కొత్త బ్యాటరీ వచ్చింది. ఈసారి నిజంగా మొండి ఘటం. ఓవర్ ఛార్జ్ చేసినా, నెలల తరబడి ఖాళీగా వదిలేసినా, కింద పడేసినా పట్టించుకోదు. కొన్ని సెల్స్ దశాబ్దాలు పనిచేశాయి. ఎడిసన్ చెప్పినట్టే జరిగింది. కానీ ఆలస్యమైపోయింది.

టేబుల్‌లో లేని కాలమ్

1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కారు తెచ్చాడు. ధర 850 డాలర్లు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ తన కార్లలో ఎడిసన్ బ్యాటరీ కావాలంటే అదనంగా 600 డాలర్లు తీసుకునేది. ఇంకొంచెం వేసుకుంటే ఒక మోడల్ టీ కారే వచ్చేస్తుంది. ఫోర్డ్ ఎడిసన్‌కి శత్రువేం కాదు. కుర్రాడిగా డెట్రాయిట్‌లో ఎడిసన్ పేరున్న కరెంటు కంపెనీలో ఇంజినీరుగా చేశాడు. 1896లో ఒక విందులో తన పెట్రోలు బండి గురించి చెబితే ఎడిసన్ మెచ్చుకుని ప్రోత్సహించాడట. ఆ మెప్పుని ఫోర్డ్ జీవితాంతం తలుచుకున్నాడు. తమాషా ఏంటంటే, ఫోర్డ్ భార్య క్లారా నడిపింది ఎలక్ట్రిక్ కారు.

1912లో అసలు దెబ్బ తగిలింది. కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. పెట్రోలు కారుకున్న పెద్ద అవలక్షణం ఒక చిన్న మోటారు, ఒక బ్యాటరీతో తీరిపోయింది. సరే, ఆ బ్యాటరీ అయినా ఎడిసన్‌ది పెట్టొచ్చు కదా? ఫోర్డ్ అదే అనుకున్నాడు. పెద్ద మొత్తంలో అప్పు ఇచ్చి మోడల్ టీకి సరిపడే బ్యాటరీ చేయమన్నాడు. ఎడిసన్ ప్రయత్నించాడు. కుదరలేదు.

ఎందుకంటే స్టార్టర్‌కి కావలసింది కొన్ని సెకన్లు మాత్రమే, కానీ వందల ఆంపియర్లు. నికెల్-ఇనుము సెల్‌కి లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ. మెల్లగా, రోజంతా ఇమ్మంటే ఇస్తుంది. ఒక్కసారిగా కుమ్మరించమంటే వోల్టేజ్ పడిపోతుంది. పైగా సెల్‌కి 1.2 వోల్టులే. సీసం అయితే 12 వోల్టులకి ఆరు సెల్స్ చాలు, ఇక్కడ పది కావాలి. చలికాలం ఇంకా ఘోరం. ఇంజిన్ ఆయిల్ గట్టిపడి స్టార్టర్‌కి ఎక్కువ బలం కావలసిన రోజే ఈ బ్యాటరీ ఇంకా నీరసపడుతుంది. ఎడిసన్ పదేళ్ళు తిట్టిన సీసం, ఆ ఒక్క గుణంతో, ప్రపంచంలో ఉన్న ప్రతి పెట్రోలు కారు బానెట్ కిందికీ చేరింది. నేటికీ అక్కడే ఉంది.

1914లో ఇద్దరూ కలిసి చవక ఎలక్ట్రిక్ కారు తెస్తామని కూడా ప్రకటించారు. అది రోడ్డు మీదికి రానే లేదు.

ఆయన రాసుకున్న టేబుల్లో బరువు ఉంది, ఆయుష్షు ఉంది, దెబ్బకి ఆగడం ఉంది. ఒక్క క్షణంలో ఎంత కరెంటు ఇస్తుంది అన్న కాలమ్‌కి పెద్ద విలువ లేదు, ఎందుకంటే 1900లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు తయారయ్యేలోపు ప్రశ్న మారిపోయింది.

గనిలో వెలుగు, సముద్రంలో పేలుడు

అలాగని బ్యాటరీ వృథా పోలేదు. డెలివరీ బళ్ళు, రైల్వే సిగ్నళ్ళు, రైలు పెట్టెల్లో దీపాలు, ఇలా మెల్లగా, నమ్మకంగా కరెంటు కావలసిన చోటల్లా చేరింది. ముసలితనంలో ఆయన కంపెనీకి మంచి రాబడి తెచ్చింది ఇదే. అన్నిటికంటే ముఖ్యమైనది బొగ్గు గనులు. అప్పట్లో కార్మికులు టోపీకి మండే దీపం పెట్టుకుని దిగేవాళ్ళు. గనిలో మీథేన్ ఉంటే ఆ మంటే చాలు. 1912లో వెస్ట్ వర్జీనియాలోని జెడ్ గనిలో పేలుడు జరిగి దాదాపు ఎనభై మంది చనిపోయారు. అది చూసి చలించిన ఇద్దరు గని ఇంజినీర్లు ఎడిసన్ దగ్గరికి వెళ్ళి మంట లేని దీపం అడిగారు. నడుముకి బ్యాటరీ, టోపీకి బల్బు. ఆ దీపం వేల గనుల్లోకి వెళ్ళింది. కింద పడ్డా, తడిసినా, ఎవరూ సరిగ్గా చూసుకోకపోయినా పనిచేసే బ్యాటరీ కావలసిన చోటు అది. కార్ల టేబుల్లో ఓడినది గనుల టేబుల్లో గెలిచింది.

అదే బ్యాటరీకి ఇంకో ముఖం కూడా ఉంది. జలాంతర్గాముల్లో సీసం బ్యాటరీలోకి సముద్రపు నీరు చేరితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మా బ్యాటరీలో యాసిడ్ లేదు కాబట్టి ఆ భయం లేదు అని ఎడిసన్ కంపెనీ అమెరికా నేవీకి చెప్పింది. అది నిజమే. కానీ నికెల్-ఇనుము సెల్స్ హైడ్రోజన్ వదులుతాయి. 1916 జనవరి 15న బ్రూక్లిన్ నేవీ యార్డులో ఈ-2 అనే జలాంతర్గామిలో, వీటిని పరీక్షిస్తున్న సమయంలో, పోగైన హైడ్రోజన్ పేలి లోపలున్న వాళ్ళలో కొందరు చనిపోయారు. గాలి ఆడే ఏర్పాటు సరిగ్గా లేదని ఎడిసన్ మనుషులు వాదించారు. ఒక ప్రమాదం తప్పిస్తుందని పెట్టిన వస్తువు వేరే ప్రమాదాన్ని వెంట తెచ్చింది. ప్రచారంలో మొదటిదే పెద్ద అక్షరాల్లో ఉంది.

మన టేబుల్

ఇప్పుడు మన కాలానికి వద్దాం. లిథియం బ్యాటరీల్లోనూ ఇదే ఆట. ఎన్‌ఎంసీ అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్. కిలో బరువుకి సుమారు 150 నుంచి 250 వాట్ అవర్లు. ఎక్కువ దూరం, తక్కువ బరువు. కానీ బాగా వేడెక్కితే దాని లోపలి ఆక్సిజనే బయటికొచ్చి మంటకి తోడవుతుంది. కోబాల్ట్ ఎక్కువ భాగం కాంగో నుంచి వస్తుంది, అక్కడి చిన్న గనుల్లో పిల్లలు పనిచేయడం అందరికీ తెలిసిన విషయమే. ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సుమారు 90 నుంచి 160 వాట్ అవర్లే. కానీ ఫాస్ఫరస్, ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా మండదు, వేల సార్లు ఛార్జ్ చేసుకోవచ్చు, ధర తక్కువ. చలిలో మాత్రం నీరసం. ఎల్‌టీవోలో గ్రాఫైట్ బదులు లిథియం టైటనేట్ ఉంటుంది. చాలా వేగంగా ఛార్జ్ అవుతుంది, పదివేల సార్లు దాటినా నిలుస్తుంది, సెల్‌కి 2.4 వోల్టులే, బరువూ ధరా ఎక్కువ. ఎడిసన్ బతికుంటే దీన్ని చూసి ముచ్చటపడేవాడేమో.

ఎల్‌ఎఫ్‌పీ గురించి ఒక విషయం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 1990ల్లో దాన్ని కనిపెట్టినప్పుడు మొదటి ఇబ్బంది, అందులో కరెంటు సరిగ్గా పారదు! రేణువుల్ని బాగా చిన్నవి చేసి, కార్బన్ పూత పూస్తే దారికొచ్చింది. వెస్ట్ ఆరెంజ్‌లో నికెల్ రేకుల పని, ఇక్కడ కార్బన్ పూత పని ఒక్కటే. మందు మంచిదైతే సరిపోదు, దాని దాకా దారి వేయాలి.

సీఎస్ఈ వాళ్ళకి కూడా ఇందులో వాటా ఉంది. ఎన్‌ఎంసీలో ఛార్జ్ తగ్గేకొద్దీ వోల్టేజ్ కూడా మెల్లగా తగ్గుతుంది, చూసి చెప్పొచ్చు. ఎల్‌ఎఫ్‌పీలో మధ్యలో చాలా దూరం వోల్టేజ్ దాదాపు కదలదు. 70 శాతం ఉందో 40 శాతం ఉందో వోల్టేజ్ చూసి చెప్పలేం, వెళ్ళిన కరెంటుని లెక్కపెట్టుకుంటూ పోవాలి, చిన్న తేడా పోగై పెద్దదవుతుంది. సురక్షితమైన కెమిస్ట్రీ ఎంచుకుంటే కష్టం కోడ్ రాసేవాళ్ళ మీద పడుతుందన్నమాట. పడాల్సిందే అని నా అభిప్రాయం.

ఎందుకంటే, 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ ఉన్న హోటల్లో మంటలు, పొగకి ఎనిమిది మంది పోయారు. మా ఇంట్లో ఇప్పుడు స్కూటర్ కొనే మాట వస్తే నాన్న మైలేజ్ ఎంత అంటారు, నేను కెమిస్ట్రీ ఏంటి అంటాను, అమ్మ మాత్రం పేలదు కదా అని ఒక్కటే అడుగుతుంది. షోరూమ్‌లో ఇచ్చే కాగితం మీద దూరం ఉంటుంది, స్పీడు ఉంటుంది, ఛార్జింగ్ టైమ్ ఉంటుంది. లోపల ఏ కెమిస్ట్రీ ఉందో చాలాసార్లు సేల్స్ అతను కూడా చెప్పలేడు. అమ్మ అడిగే కాలమ్ ఆ కాగితం మీద ఉండదు.

ఆఖరి సంవత్సరాలు

చివరి రోజుల్లో ఎడిసన్, ఫోర్డ్, టైర్ల కంపెనీ ఫైర్‌స్టోన్ కలిసి అమెరికాలో పెరిగే మొక్కల నుంచి రబ్బరు తీయాలని చూశారు. ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో మళ్ళీ అదే పద్ధతి, వేల మొక్కలు పెట్టి చూడటం. గోల్డెన్‌రాడ్ అనే కలుపు మొక్క దాకా వచ్చాడు. 1931 అక్టోబర్ 18న వెస్ట్ ఆరెంజ్‌లోని ఇంట్లో, 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అంత్యక్రియల రోజు రాత్రి ప్రెసిడెంట్ హూవర్ కోరిక మీద అమెరికాలో చాలాచోట్ల కాసేపు దీపాలు ఆర్పారు. బల్బుకి దక్కిన మర్యాద అది.

బ్యాటరీ మాత్రం ఆయన తర్వాత కూడా నాలుగు దశాబ్దాలు తయారైంది. 1972లో కంపెనీని సీసం బ్యాటరీలు చేసే అమెరికా ఎక్సైడ్ కొనుక్కుంది, 1975లో తయారీ ఆపేసింది. మన దగ్గర తిరుపతి దగ్గర సీసం బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో లిథియం ఫ్యాక్టరీ కడుతోంది. మన సీనియర్లు, రేపు మనలో కొందరు, అక్కడ టేబుళ్ళు తయారు చేస్తారు.

హీరోనా విలనా అన్న గొడవ గ్రూపులో మళ్ళీ వస్తుంది. నా ఓటు అడిగితే రెండూ కాదంటాను. తొమ్మిది వేల ప్రయోగాల ఓపిక ఆయనదే, యుంగ్నర్‌ని కోర్టుల్లో తిప్పిందీ ఆయనే. సరుకు వెనక్కి తీసుకున్నదీ ఆయనే, హైడ్రోజన్ గురించి చిన్న అక్షరాల్లో చెప్పిన కంపెనీ కూడా ఆయనదే. మనం టేబుల్ తయారుచేసేటప్పుడు ఆయన ఓపిక తీసుకుందాం. కాలమ్‌లు మాత్రం, ఆ బండి ఇంట్లో పెట్టుకుని పక్క గదిలో నిద్రపోయేవాళ్ళని అడిగి రాద్దాం.